సుత్తి దెబ్బకు నిలిచేదే వజ్రమా?

ప్రశ్న: తొలకరి వానల తరువాత కర్నూలు జిల్లా తుగ్గలి దగ్గర మా అమ్మమ్మగారి చేలో కుంకుడు గింజంత తెల్లని రాయి నాకు దొరికింది. దానితో గీస్తే గాజు మీద గీత పడుతోంది. రాతి పక్కల మీద సన్నని అడ్డగీతలు ఉన్నాయి. నిజమైన వజ్రమైతే సుత్తితో కొట్టినా పగలదని మా మామయ్య అంటున్నారు. కొట్టి చూడవచ్చా?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: దయచేసి సుత్తి జోలికి పోకండి. గీతకు లొంగకపోవడం వేరు, దెబ్బకు తట్టుకోవడం వేరు. గీతకు లొంగని గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కొలమానంలో వజ్రం కాఠిన్యం 10, కాబట్టి మరే సహజ ఖనిజమూ దాని మీద గీత పెట్టలేదు. అయితే దానిలో నాలుగు దిశల్లో చీలే తలాలు ఉంటాయి. వాటి వాటంలో దెబ్బ తగిలితే ఎంత మేలిమి వజ్రమైనా రెండు ముక్కలవుతుంది. ఈ అపోహ వల్ల చేతికందిన సొత్తును పొడి చేసుకోవడం కంటే బాధాకరమైనది లేదు.

గాజు మీద గీత పడటం వల్ల మీ రాయి గాజు కాదని మాత్రమే అనుకోవచ్చు. గాజు కాఠిన్యం సుమారు 5.5 కాగా, మన చేలల్లో ఎక్కడ చూసినా కనిపించే పలుగురాయికి 7 ఉంటుంది, అదీ గాజును గీస్తుంది. నిజం చెప్పాలంటే, మీరు రాసిన అడ్డగీతలే నాకు అనుమానం కలిగిస్తున్నాయి. ఆరు పలకల పలుగు స్ఫటికానికి పక్కల మీద అటువంటి గీతలుండటం దాని సహజ లక్షణం. ముడి వజ్రం తరచుగా రెండు పిరమిడ్లను అడుగులు కలిపి అతికించినట్టు ఎనిమిది ముఖాలతో, అంచులు కాస్త గుండ్రబడి ఉంటుంది. నూనె చేయి తగిలినట్టు జిడ్డుగా మెరుస్తుంది. పదింతలు పెద్దది చేసి చూపే భూతద్దంతో చూస్తే కొన్నిటి ముఖాల మీద చిన్న త్రికోణపు గుంటలు, ఆ ముఖపు త్రికోణానికి తలకిందులుగా, కనిపిస్తాయి.

అన్నిటికంటే నమ్మదగినది తూకం. గ్రాములో నూరో వంతు చూపే త్రాసు మీద నీళ్ల గ్లాసు ఉంచి, అంకెను సున్నా చేయండి. రాయిని సన్నని దారంతో కట్టి, అడుగుకూ అంచులకూ తగలకుండా, బుడగలు అంటుకోకుండా పూర్తిగా ముంచండి. ముందే విడిగా తూచిన బరువును ఇప్పుడు కనిపించే అంకెతో భాగించాలి. వచ్చేదే రాతి సాంద్రత, అంటే అంతే పరిమాణం గల నీటి కంటే రాయి ఎన్ని రెట్లు బరువో చెప్పే అంకె. ఉదాహరణకు 2.10 గ్రాముల రాయికి 0.79 వస్తే ఫలితం సుమారు 2.65, అది పలుగురాయి; 0.60 వస్తే 3.5, వజ్రానికి దగ్గర (వజ్రం సాంద్రత 3.52). మామూలు గాజు 2.5 దగ్గర ఉంటుంది, తెల్లని జిర్కాన్ అనే రత్నం 4.6 దాకా పోతుంది. తెల్ల టోపాజ్ అనే మరో రత్నం ఇక్కడ చిక్కు తెస్తుంది, ఎందుకంటే దాని సాంద్రత కూడా 3.5 ప్రాంతంలోనే ఉంటుంది.

అందుకే 3.5 వచ్చినా సంబరపడి ఎవరికీ అమ్మవద్దు, అలాగని పారేయవద్దు. వేడి ఎంత వేగంగా పాకుతుందో చూసే టెస్టర్ నగల దుకాణాల్లో ఉంటుంది. వజ్రం టోపాజ్ కంటే ఎన్నో రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. ముడిరాయి ఎగుడుదిగుడుగా ఉంటే ఆ పరికరం తప్పు చూపవచ్చు కాబట్టి, నునుపైన ముఖం మీదే పెట్టించి, ఆపైన నగరంలోని రత్నాల పరీక్షాశాలలో రాతపూర్వక నివేదిక తీసుకోండి. 2.65 వస్తే మాత్రం ఆ ఖర్చు అక్కరలేదు.