‘ఆలిగేటర్’ అమెరికన్ రాక్ బ్యాండ్ ది నేషనల్ మొదటి ఆల్బమా?

కాదు, 2005లో వచ్చిన ‘ఆలిగేటర్’ వాళ్ల మూడో ఆల్బమ్. అంతకుముందే 2001లో బ్యాండ్ పేరుతోనే ఒకటి, 2003లో ‘శాడ్ సాంగ్స్ ఫర్ డర్టీ లవర్స్’ వచ్చాయి.

ఆ రెండూ బ్రాస్‌లాండ్ అనే చిన్న లేబుల్ (సంగీత సంస్థ) మీద విడుదలయ్యాయి. ఆ లేబుల్ పెట్టినవాళ్లలో బ్యాండ్‌లోని కవలలు ఆరన్, బ్రైస్ డెస్నర్ కూడా ఉన్నారు, అంటే ఇంటి సరుకే. ‘ఆలిగేటర్’ని మాత్రం బెగ్గర్స్ బాంకెట్ అనే వేరే లేబుల్ విడుదల చేసింది. చాలామందికి బ్యాండ్ పరిచయమైంది అక్కడే కాబట్టి లెక్క కూడా అక్కడి నుంచే మొదలుపెడతారు.

పాతవి తర్వాతి పాటలకు చిత్తుప్రతులు, వినకపోయినా నష్టం లేదని ఇంకో అపోహ. నిజానికి వాటి తీరే వేరు. మొదటిదాంట్లో కంట్రీ సంగీతం ఛాయ ఎక్కువ. రెండోదాంట్లో గాయకుడు మ్యాట్ బెర్నింజర్ మంద్రస్వరం కొన్ని పాటల దగ్గరికొచ్చేసరికి అరుపుగా మారుతుంది. తర్వాతి ఆల్బమ్ ‘బాక్సర్’తో అలవాటైన చెవికి ఇది కాస్త షాకే.

అలాగని తెగిపోయిన బంధమూ కాదు. 2007 నాటి ‘బాక్సర్’లో ‘స్లో షో’ పాట చివర, నిన్ను చూడకముందు ఇరవై తొమ్మిదేళ్లు నీ గురించే కలగన్నానని ఒక మాట వస్తుంది. అది మొదటి ఆల్బమ్‌లోని ‘ట్వెంటీ నైన్ ఇయర్స్’ నుంచి తెచ్చుకున్నదే. ముందు ‘స్లో షో’ విని, తర్వాత పాతది వినండి. మొదటి ఆల్బమ్ మొత్తంగా కాస్త ఎగుడుదిగుడుగానే ఉంటుంది, కాబట్టి 2003 నాటిదాంతో మొదలుపెట్టడం సులువు.