ట్రక్కు లాగుతుంటే వెనక ఢక్ ఢక్!

ప్రశ్న: ట్రాక్టరుకు రెండు చక్రాల ట్రక్కు తగిలించి ధాన్యం తోలుతున్నాం. గేరు మార్చినా, బ్రేకు తొక్కినా వెనక ఢక్కుమంటోంది. ట్రాక్టరునూ ట్రక్కునూ కలిపే హిచ్ పిన్ను మందం కొలిస్తే పైన 30 మి.మీ., నడుమ 27. పిన్ను మారిస్తే చాలా?

జవాబు: మార్చాల్సిందే, పదో వంతు అరిగింది. అయితే అంతటితో చప్పుడు పోదు. పిన్ను అరిగిందంటే అది దూరే హిచ్ ప్లేటు బెజ్జాలూ, డ్రాబారు (ట్రక్కు ముందుండే లాగుడు కడ్డీ) కొసన రింగూ కూడా అరిగే ఉంటాయి. వాటిని ముందువెనకలుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలవండి. ముందువెనకల కొలత ఎక్కువుంటే బెజ్జం కోడిగుడ్డులా సాగినట్టే. అందులో కొత్త పిన్ను వేసినా నాలుగు రోజులకే మళ్లీ మొదలు. రింగు లోపల స్టీలు బుష్షు (గొట్టం లాంటి తొడుగు) వేయించండి, హిచ్ ప్లేటు సాగితే ప్లేటే మార్చండి. అరిగిన పిన్నుకు వెల్డింగు పోయించడం, ఇనుప కడ్డీ ముక్క దూర్చడం మాత్రం వద్దు. లోడుతో కాలువ గట్టు దిగేటప్పుడు అది విరిగితే ట్రక్కు ఎటు పోతుందో ఎవరి చేతిలోనూ ఉండదు.

హిచ్ బోల్టులూ చూడండి. ట్రక్కు చక్రాలకు రాళ్లు పెట్టి, ఒకరు ట్రాక్టరును అంగుళం ముందుకీ వెనక్కీ కదుపుతుంటే, ఇంకొకరు దూరంగా పక్కన నిలబడి గమనించాలి. రెంటి మధ్యకూ వెళ్లకూడదు. బోల్టు తల చుట్టూ ఎర్రటి తుప్పుపొడి రాలుతుంటే అది వదులైనట్టే.

గుంతల్లోనే మోగుతుంటే తప్పు బస్తాలది. వెనక్కి పేరిస్తే డ్రాబారు లేచి పడుతూ కొడుతుంది. బరువు ఇరుసుకు కాస్త ముందుకుండాలి.