కాంటాక్టులకు 'అలో' నేనే నొక్కాను, కేసు నిలుస్తుందా?

ప్రశ్న: లోన్ యాప్‌లో రూ.8,000 అప్పు తీసుకుంటే చేతికి రూ.5,200 వచ్చింది. గడువులోగా మొత్తం కట్టేశాను. ఇంకా బాకీ ఉందని, మార్ఫింగ్ ఫొటోలు పంచుతామని బెదిరిస్తే భయపడి ఒకరి యూపీఐకి మరో రూ.4,000 పంపాను. ఇప్పుడు మా మేనేజర్‌కి, బావమరిదికి నేను దొంగనని మెసేజీలు పెడుతున్నారు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కాంటాక్టులకు అనుమతి ఇచ్చింది నేనే. ఫిర్యాదు చేసే హక్కు నాకుందా?

జవాబు: ఉంది. 'అలో' నొక్కినంత మాత్రాన మీ వాళ్లను వేధించే హక్కు ఎవరికీ రాదు. పైగా ఆ అనుమతి అడగడమే తప్పు. రిజర్వ్ బ్యాంక్ 2022లో ఇచ్చిన డిజిటల్ రుణాల మార్గదర్శకాలు, వాటి స్థానంలో 2025లో వచ్చిన ఆదేశాలు రెండూ రుణ యాప్‌లు కాంటాక్టులు, కాల్ లాగ్, ఫొటోల జోలికి పోకూడదంటున్నాయి. కెమెరా, మైక్, లొకేషన్ లాంటివి కేవైసీకి (మీ గుర్తింపు నిర్ధారణకు) అవసరమైతే, మీ సమ్మతితో ఒక్కసారికి మాత్రమే వాడుకోవాలి. మీ బావమరిది అయితే ఏ సమ్మతీ ఇవ్వనే లేదు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 6వ సెక్షన్ కూడా ఇదే చెబుతుంది. వైద్య సలహాల యాప్ ఫోన్‌లోని కాంటాక్టులు అడిగితే, మనం సరేనన్నా ఆ సమ్మతి చెల్లదని అందులో ఉదాహరణే ఉంది. అయితే నియమాలు 2025 నవంబరులో వచ్చినా, ఈ సెక్షన్ అమలుకు 18 నెలల గడువు పెట్టారు. కాబట్టి ఫిర్యాదును దీని మీద నిలబెట్టకండి.

ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 308 మీద నిలబెట్టండి. బెదిరించి డబ్బు గుంజితే 308(2) కింద ఏడేళ్ల వరకు శిక్ష పడొచ్చు. మీరు పంపిన రూ.4,000 దాని కిందికే వస్తుంది. గుంజడానికి భయపెట్టినందుకు 308(3) ఉంది. చాలామంది పరువు నష్టం గురించే రాస్తారు. ఆ సెక్షన్ 356 ఒక్కటే ఉంటే మేజిస్ట్రేట్ ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. అసభ్య ఫొటోలు నిజంగానే పంపితే ఐటీ చట్టం 67 కలపండి.

ముందుగా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి రూ.4,000 చెల్లింపు యూటీఆర్ నంబరు (ఆ లావాదేవీ సంఖ్య) చెప్పండి. ఆలస్యమైతే డబ్బు వేరే ఖాతాలకు మళ్లిపోతుంది. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. అక్కడొచ్చే రసీదు నంబరు ఎఫ్ఐఆర్ కాదు, స్టేషన్‌కు వెళ్లాల్సిందే. తమ పరిధి కాదని స్టేషన్‌లో అంటే, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 173 కింద జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసేది) అడగండి. అసలు తీసుకోకపోతే అదే ఫిర్యాదును ఎస్పీకి లేదా కమిషనర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ కోర్టు ఉంది.

సాక్ష్యం దగ్గరే ఎక్కువ కేసులు జారిపోతాయి. భయంతో యాప్ తీసేస్తారు, చుట్టాలేమో సిగ్గుపడి మెసేజీలు చెరిపేస్తారు. యాప్ పేరు, రుణ వివరాల పేజీ, అది అడిగిన అనుమతులు స్క్రీన్‌షాట్ తీశాకే అనుమతులు రద్దు చేసి, ఆపై యాప్ తొలగించండి. మేనేజర్, బావమరిది తమ ఫోన్లలోని చాట్ అలాగే ఉంచాలి. ప్రొఫైల్ తెరిచి పూర్తి నంబరు, తేదీ, సమయం కనిపించేలా ఫొటో తీయాలి. ఆ స్క్రీన్‌షాట్లు కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63(4) కింద, అవి ఏ ఫోన్‌లోంచి ఎలా తీశారో చెప్పే ధ్రువపత్రం కావాలి. వారి ఫోన్ల విషయంలో అందులో వాళ్లే సంతకం చేయాలి, కాబట్టి ఇప్పుడే ఒప్పించండి.

అప్పు ఇచ్చింది రిజర్వ్ బ్యాంక్ గుర్తించిన సంస్థేనా అన్నది ఆర్బీఐ వెబ్‌సైట్‌లోని రుణ యాప్‌ల జాబితాలో చూడండి. గుర్తించిన సంస్థే అయితే, దాని గ్రీవెన్స్ (ఫిర్యాదుల) అధికారికి రాతపూర్వకంగా సమ్మతి ఉపసంహరించుకుని, డేటా తొలగించమని అడగండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఖాతాదారుల ఫిర్యాదులు పరిష్కరించే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. చెల్లింపు వ్యక్తిగత యూపీఐకి అడిగారంటే అది గుర్తింపు ఉన్న సంస్థేనా అని నాకు అనుమానమే. అలాంటప్పుడు పోలీసులే దిక్కు.

సిమ్ మార్చి లాభం లేదు, జాబితా ఇప్పటికే వాళ్ల సర్వర్‌లో ఉంది. మీ వాళ్లందరికీ ఈ రోజే మీరే ఒక మెసేజీ పెట్టండి: 'నా నంబర్లు దొంగిలించి వేధిస్తున్నారు, ఎవరూ డబ్బు కట్టొద్దు, వచ్చిన మెసేజీ చెరపకుండా నాకు పంపండి' అని.