స్లాబు నాణ్యత గురించి నోరు విప్పితే ఉద్యోగానికే ఎసరు పెడుతున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: నేను సివిల్ డిప్లొమా చేసి, ఒక కాంట్రాక్టు సంస్థలో మూడేళ్లుగా సైట్ ఇంజినీరుగా పని చేస్తున్నాను. జీతం 28 వేలు. మేం కడుతున్నది రాష్ట్ర ప్రభుత్వ హాస్టల్ భవనం. రెండో అంతస్తు స్లాబులో 125 మిల్లీమీటర్ల దూరంలో ఉండాల్సిన కడ్డీలను 200 దూరంలో కట్టారు. బలం పరీక్షకు పంపే క్యూబులకు (అచ్చులో పోసే కాంక్రీటు దిమ్మెలకు) మాత్రం విడిగా సిమెంటు ఎక్కువ వేసి కలుపుతున్నారు. ఫొటోలు తీసి ప్రాజెక్టు మేనేజరుకు వాట్సాప్‌లో పెట్టాను. చెక్‌లిస్టు మీద సంతకం చేయనన్నాను. అయినా కాంక్రీటు పోసేశారు. పది రోజుల్లో నన్ను వేరే జిల్లా సైటుకు మార్చి, జీతం ఆపేశారు. నేనింకా అక్కడ చేరలేదు. ఇప్పుడు రాజీనామా ఇవ్వకపోతే స్టీలు దొంగతనం కేసు పెడతామని ఫోన్లో బెదిరిస్తున్నారు. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే ఉన్నాయి. చట్టం నాకు అండగా ఉంటుందా?

జవాబు: ముందుగా, రాజీనామా మాత్రం ఇవ్వకండి. ఒక్కసారి సంతకం పెట్టారంటే, ఇష్టపూర్వకంగానే వెళ్లిపోయారని వాళ్లు అంటారు. బలవంతంగా రాయించుకున్నారని ఆ తర్వాత నిరూపించడం చాలా కష్టం. ఒకవేళ ఇప్పటికే ఏదైనా కాగితం మీద సంతకం తీసుకుని ఉంటే, ఏ పరిస్థితుల్లో పెట్టాల్సి వచ్చిందో ఈ రోజే కంపెనీకి ఈమెయిల్ చేయండి.

రెండోది, కొత్త సైటులో వెంటనే చేరండి. ఇది మీకు రుచించదని తెలుసు. కానీ మీ నియామక పత్రంలో బదిలీ షరతు ఉండే ఉంటుంది, చాలా సంస్థల పత్రాల్లో ఉంటుంది. మీరు చేరకపోతే 'చెప్పాపెట్టకుండా మానేశాడు' అని వాళ్లకు మంచి సాకు దొరుకుతుంది, స్లాబు సంగతి పక్కకు పోతుంది. 'నాణ్యతా లోపాలు చెప్పినందుకే ఈ బదిలీ చేశారని నమ్ముతున్నాను, నా అభ్యంతరం తెలియజేస్తూనే విధుల్లో చేరుతున్నాను' అని రాసి చేరండి.

ఇక చట్టం సంగతి. ఇలాంటి వాళ్లను కాపాడే చట్టం మన దేశంలో ఉందనే చాలామంది అనుకుంటారు. స్వర్ణ చతుర్భుజి రహదారి పనుల్లో అవకతవకలపై ప్రధాని కార్యాలయానికి లేఖ రాసిన ఇంజినీరు సత్యేంద్ర దూబే పేరు బయటికి పొక్కింది. 2003 నవంబరులో గయలో ఆయన్ని కాల్చి చంపారు. ఆ తర్వాత 2004లో కేంద్రం ఒక తీర్మానం తెచ్చింది. దాని కింద సీల్డు కవరులో కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు ఫిర్యాదు చేస్తే పేరు రహస్యంగా ఉంచుతారు. అయితే అది కేంద్ర ప్రభుత్వం, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల పరిధిలోని వ్యవహారాలకే. మీ హాస్టల్ రాష్ట్ర ప్రభుత్వానిది కాబట్టి అక్కడ పని జరగదు. పార్లమెంటు 2014లో విజిల్ బ్లోయర్ల (అక్రమాలను బయటపెట్టేవాళ్ల) రక్షణ చట్టం చేసింది గానీ, అమలు తేదీ ప్రకటించకుండా అలాగే వదిలేశారు. ప్రాణాలకు తెగించి నిజం చెప్పేవాళ్ల విషయంలో ఇది క్షమించరాని నిర్లక్ష్యమని నా అభిప్రాయం.

అంటే మీకు దిక్కు లేదని కాదు. ఇలాంటి కేసుల్లో మనిషిని కాపాడేది తేదీల వరుస. మీరు లోపం ఎత్తిచూపిన తేదీ ముందు, బదిలీ, జీతం ఆపడం, బెదిరింపు ఆ వెనక అని కాగితం మీద కనిపిస్తే కక్ష సాధింపు దానంతటదే బయటపడుతుంది. మీ దగ్గరున్నది వాట్సాప్ మెసేజ్ ఒక్కటే. అది సాక్ష్యమే, కానీ దాన్ని బలపరచాలి. ఆ మెసేజ్‌ను ప్రస్తావిస్తూ కంపెనీ అధికారిక ఈమెయిల్‌కు వివరంగా రాయండి. డ్రాయింగు నంబరు, ఏ గ్రిడ్ల మధ్య, కాంక్రీటు పోసిన తేదీ, టేపు పెట్టి కొలిస్తే వచ్చిన దూరం, క్యూబులు ఎవరి సమక్షంలో నింపారు, ఇవన్నీ రాయండి. ఎవరు ఎంత తిన్నారో ఊహించి రాయొద్దు. కళ్లతో చూసింది, టేపుతో కొలిచింది రాస్తే చాలు.

ఆ ఫొటోలు తీసిన ఫోను మార్చకండి, చాట్ డిలీట్ చేయకండి. భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జత చేయాలి, అసలు ఫోను మీ దగ్గరుంటే ఆ పని తేలిక. కంపెనీ ఫైళ్లు, బిల్లుల పుస్తకాలు మాత్రం ఇంటికి తెచ్చుకోకండి. దొంగతనం కేసు పెడతామంటున్న వాళ్లకు మీరే ఆధారం ఇచ్చినట్టవుతుంది.

ఫిర్యాదు ఎవరికి? పని చేయిస్తున్న శాఖ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుకు, అదే శాఖ క్వాలిటీ కంట్రోల్ విభాగానికి స్పీడు పోస్టులో పంపండి. ఒక ప్రతి రాష్ట్ర విజిలెన్స్ అండ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ విభాగానికి పంపండి. శాఖ ఇంజినీర్లు డబ్బు తీసుకుని చూసీచూడనట్టు వదిలేశారని చెప్పడానికి ఆధారం ఉంటే ఏసీబీకి వెళ్లాలి. ఆధారం లేకుండా ఆ మాట రాయకండి. సైటులో అభ్యంతరం చెప్పింది మీరొక్కరే కాబట్టి, పేరు దాచినా ఫిర్యాదు ఎవరిదో వాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. అందుకే సొంత పేరుతోనే వెళ్లమంటాను. ఆకాశరామన్న ఉత్తరాలను చాలాచోట్ల పక్కన పడేస్తారు కూడా.

ఫిర్యాదులో కోర్ టెస్టు (స్లాబులోంచి గుండ్రటి కాంక్రీటు ముక్క కోసి తీసి చేసే బలం పరీక్ష) చేయించాలని స్పష్టంగా అడగండి. ఇదే మీ చేతిలో ఉన్న గట్టి ఆయుధం. 150 మిల్లీమీటర్ల క్యూబును ఎవరైనా మంచి మాలుతో నింపి 28 రోజులకు పాస్ చేయించుకోవచ్చు. కోర్‌ను మాత్రం గట్టిపడిన స్లాబులోంచే తీస్తారు. కాంక్రీటు పనులకు భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం కనీసం మూడు కోర్లు తీయాలి. వాటి బలాన్ని క్యూబు లెక్కకు మార్చి చూస్తే, సగటు ఆ కాంక్రీటు గ్రేడుకు నిర్దేశించిన బలంలో కనీసం 85 శాతం ఉండాలి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు. కడ్డీల మధ్య దూరాన్ని స్లాబు పగలగొట్టకుండానే కొలిచే పరికరాలున్నాయి, ఆ పరీక్ష కూడా అడగండి. దీంతో మీ మాటకు వాళ్ల మాట అనే వాదన పోయి, స్లాబునే అడిగి తేల్చుకోవచ్చు.

సమాచార హక్కు చట్టాన్ని కూడా వాడండి. ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకళ్లు, క్యూబు టెస్టు రిపోర్టులు అడగొచ్చు. సెక్షన్ 2(జె) కింద పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, మెటీరియల్ సర్టిఫైడ్ నమూనా తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. ఇది చాలామందికి తెలియదు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఫేస్‌బుక్‌లోనో, ఊరి వాట్సాప్ గ్రూపులోనో ఫొటోలు పెట్టకండి. చర్య తీసుకునే అధికారం ఉన్నవాళ్లకు సదుద్దేశంతో చేసే ఫిర్యాదుకు, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356లో పరువు నష్టం నుంచి మినహాయింపు ఉంది. పదిమందికి పంపిన పోస్టుకు ఆ రక్షణ అంత సులభంగా దొరకదు.

జీతం విషయంలో మీ పరిస్థితి బలంగా ఉంది. వేతనాల కోడ్ ప్రకారం నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోగా ఇవ్వాలి. ఇది సూపర్‌వైజర్లకు, మేనేజర్లకూ వర్తిస్తుంది. ఆపిన జీతం కోసం కార్మిక శాఖ అధికారి దగ్గర క్లెయిము వేయండి, మూడేళ్ల గడువుంది. జీతంతో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఆ అధికారికి ఉంది.

ఉద్యోగంలోంచి తీసేస్తే మాత్రం కొంచెం చిక్కు ఉంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో కక్షతో తొలగించడం అనుచిత కార్మిక విధానం. కానీ ఆ రక్షణ 'వర్కర్' నిర్వచనంలోకి వచ్చేవాళ్లకే. సూపర్‌వైజర్ పని చేస్తూ 18 వేలకు మించి జీతం తీసుకునేవాళ్లు అందులోకి రారు. సాంకేతిక పని చేసేవాళ్లకు ఆ జీతం పరిమితి లేదు. కోర్టులు హోదా పేరు చూడవు, రోజంతా ప్రధానంగా ఏ పని చేస్తారో చూస్తాయి. లెవెల్స్ పెట్టడం, కొలతలు తీయడం, బార్ బెండింగ్ షెడ్యూలు (కడ్డీల కోత, వంపుల జాబితా) వేయడం మీ ప్రధాన పని అయితే 'వర్కర్'నేనని గట్టిగా వాదించొచ్చు. రోజువారీ సైటు రిపోర్టుల్లో మీరు రాసిన పనుల వివరాలు అందుకు పనికొస్తాయి. ఆ వాదన నెగ్గకపోతే సివిల్ కోర్టులో నోటీసు కాలపు జీతం, నష్టపరిహారం అడగొచ్చు గానీ, ఉద్యోగం తిరిగి ఇప్పించరు. వివాదం మొదలైన రెండేళ్లలోపే కార్మిక వివాదాల్లో రాజీ కుదిర్చే కన్సిలియేషన్ అధికారి దగ్గరికి వెళ్లాలి, ఆలస్యం చేయొద్దు.

దొంగతనం కేసు గురించి భయపడకండి, కానీ తేలిగ్గానూ తీసుకోకండి. పాత సైటులో స్టోరు తాళాలు, స్టాకు రిజిస్టరు ఎవరికి, ఏ రోజు అప్పగించారో ఇప్పుడే ఈమెయిల్‌లో రాసి పంపండి. ఉద్యోగి దొంగతనానికి గరిష్ఠ శిక్ష ఏడేళ్లు. ఆ స్థాయి కేసుల్లో అరెస్టు తప్పనిసరి కాదు, సాధారణంగా పోలీసులు ముందు హాజరు నోటీసు ఇస్తారు. నోటీసు వస్తే వెళ్లండి, అరెస్టు భయం ఉంటే ముందస్తు బెయిలు వేసుకోవచ్చు. బెదిరింపు కాల్స్ రికార్డయి ఉంటే భద్రపరచండి, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 351 కింద పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోండి. సర్టిఫికెట్లు తాకట్టు పెట్టుకునే హక్కు ఏ కంపెనీకీ లేదు. తిరిగి ఇవ్వాలని లాయరు నోటీసు పంపండి.

ఒక ప్రశ్న మీరు అడగలేదు. మొదటి అంతస్తు చెక్‌లిస్టుల మీద సంతకం చేశారా? చేసి ఉంటే, అక్కడా ఇదే జరిగి ఉంటే, దాన్ని ఫిర్యాదులో దాచకండి. అది పిల్లలు నిద్రపోయే భవనం. రేపు స్లాబు కూలి ప్రాణం పోతే, నిర్లక్ష్యంతో మరణానికి కారణమైనందుకు అదే సంహిత సెక్షన్ 106 కింద ఐదేళ్ల వరకు శిక్ష ఉంది, విచారణ మొదట సంతకాల దగ్గరికే వస్తుంది. ఆ సంతకాలున్న తేదీలు రాసుకుని, ఫిర్యాదు పంపక ముందే మీ జిల్లాలో ఒక క్రిమినల్ లాయరుకు చూపించండి. ఫీజు కట్టే స్థోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, దాని హెల్ప్‌లైన్ నంబరు 15100. పిల్లల్ని ఆ అంతస్తులోకి చేర్చేలోపే ఫిర్యాదు శాఖకు చేరేలా చూడండి.