శిక్షణలంటే విసుగెత్తిన అమ్మాయి టీచర్‌గా కొనసాగాలా?

ప్రశ్న: మా అమ్మాయి 2025 మెగా డీఎస్సీలో ఎస్జీటీగా (ప్రాథమిక తరగతుల టీచరుగా) ఎంపికై, కుప్పం వైపు ఇద్దరు టీచర్లున్న బడిలో చేరింది. ఎంతో ఉత్సాహంగా వెళ్లిన పిల్ల ఇప్పుడు శిక్షణ అంటేనే విసుక్కుంటోంది, గ్రూప్-2 రాస్తానంటోంది. ఈ ఉద్యోగంలో ఎదుగుదల ఉండదా?
- ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: ఆమె విసుగును బద్ధకంగా లెక్కకట్టకండి. ఇద్దరు టీచర్ల బడిలో ఒకరు శిక్షణకు వెళ్తే తరగతులన్నీ రెండోవారి మీద పడతాయి. తిరిగి వచ్చేసరికి పాఠాలు వెనకబడి ఉంటాయి, యాప్‌లలో ఎక్కించాల్సిన వివరాలు పేరుకుపోయి ఉంటాయి. ఇంత నష్టానికి ఓర్చి వెళ్లిన చోట, తరగతికొక టీచర్ ఉన్న బడిని మనసులో పెట్టుకొని తయారుచేసిన విషయాలు చెబితే, మూడు తరగతుల పిల్లలను ఒకే గదిలో కూర్చోబెట్టుకునే ఆమెకు మర్నాడు ఒరిగేదేమీ ఉండదు. కుప్పం ప్రాంతంలో ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడే పిల్లలు కూడా ఉంటారు. వాళ్లకు తెలుగు అక్షరాలు ఎలా నేర్పాలన్న ఆమె ప్రశ్నకు అక్కడ చోటు దొరక్కపోతే విసుగు రాకుండా ఎలా ఉంటుంది?

2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరూ ఏటా కనీసం 50 గంటలు వృత్తిపరమైన అభ్యసనంలో పాల్గొనాలని, అదీ తమ ఆసక్తిని బట్టి సాగాలని చెప్పింది. ఆచరణలో చాలాచోట్ల గంటల లెక్క మిగిలి, ఆసక్తి జారిపోయింది. టీచర్ల ఆన్‌లైన్ శిక్షణ వేదిక ‘దీక్ష’లో కోర్సు వీడియో నడుస్తుంటే ఫోను పక్కన పెట్టి నోటుపుస్తకాలు దిద్దుకునే టీచర్లను నేను తప్పుపట్టలేను. పదోన్నతి రాకపోయినా 6, 12, 18, 24 ఏళ్ల సర్వీసుకు వచ్చే జీతపు స్కేళ్లు సర్వీసును, అర్హతలను చూస్తాయే తప్ప, తరగతి గదిలో వచ్చిన మార్పును చూడవు.

కాబట్టి ఆమెను నిలబెట్టేది సర్టిఫికెట్ కాదు, నిన్నటిదాకా చదవలేని పిల్లవాడు ఇవాళ చదవడం. ఈ ఏడాదికి ఒక్క సమస్యను ఎంచుకోమనండి. తమిళం మాట్లాడే పిల్లల సంగతే అయితే, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో అదే ఇబ్బంది ఉన్న మరో టీచరును వెతుక్కొని, ఇద్దరూ నెలకొకసారి పిల్లల రాతలు పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. ఒకే గదిలో పలు తరగతులను నడపడానికి మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ సంస్థ కార్డులు, ఏ పిల్లవాడు ఏ మెట్టులో ఉన్నాడో చూపే అభ్యసన నిచ్చెనలతో దశాబ్దాలుగా పనిచేస్తోంది. ఆ పద్ధతిని తప్పక పరిశీలించమనండి. కార్వేటినగరంలోని డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) అధ్యాపకులనూ సంకోచించకుండా అడగవచ్చు. ఆమె ప్రయత్నాన్ని ప్రధానోపాధ్యాయులు ఆసక్తిగా గమనించి ఒక మాట అన్నా చాలు, ఎంతో బలం వస్తుంది.

ఇక ఎదుగుదల సంగతి: స్కూల్ అసిస్టెంట్‌గా (సబ్జెక్టు టీచరుగా) పదోన్నతికి సీనియారిటీతో పాటు సంబంధిత సబ్జెక్టులో డిగ్రీ, బీఈడీ అవసరం. బీఈడీ లేకపోతే, శిక్షణ పొందిన టీచర్లకు ఇగ్నో అందించే దూరవిద్య కోర్సు అర్హతలు చూసుకోవచ్చు.

గ్రూప్-2 విషయంలో ఇప్పుడే అడ్డుచెప్పకండి, తొందరపెట్టనూ వద్దు. వచ్చే ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు, ఆమె తరగతిలో ఏ పిల్లలు ఎక్కడ ఆగిపోయారో అడిగి, చెప్పినంతసేపూ వినండి.