ఓఈటీ రాయబోతున్న కోడలు పిల్లకి

కోడలు పిల్లా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్లో ఏవో ధాన్యం రేట్లు చెబుతూ చెబుతూ, మధ్యలో "పాప లండన్ పోతానంటోందక్కా, నర్సులూ డాక్టర్లూ రాసే ఇంగ్లీషు పరీక్ష ఓఈటీ అట, ఫీజు కూడా కట్టేసింది" అన్నాడు. 30 ఏళ్లు నర్సుగా చేసిన మేనత్త బతికుండగా ఈ కబురు నాకు ఆఖర్న తెలియడమేమిటే? కోపం వచ్చింది. ఫోన్ పెట్టేశాక మాత్రం మీ మావయ్యని నిద్ర లేపి మరీ చెప్పాను, మన పిల్ల ఇంగ్లండ్‌లో నర్సవుతుందట అని. ఆయన "మంచిదే, పడుకో" అని అటు తిరిగి పడుకున్నాడు. నాకే నిద్ర పట్టలేదు.

పొద్దున్నే నువ్వు పంపిన ప్రాక్టీస్ లెటర్ ఫోటో రెండుసార్లు చదివాను. పరీక్ష సంగతులు నాకంటే నీకే బాగా తెలుసు. రాతకి 45 నిమిషాలు, అందులో మొదటి 5 చదువుకోవడానికే. ఉత్తరం 180 నుంచి 200 మాటలు. బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్‌కి రాతలో సీ ప్లస్ చాలు, వినడం, చదవడం, మాట్లాడటం మూడింటిలో బి ఉండాలి. పాస్‌పోర్ట్ మర్చిపోకు. నీ దస్తూరీ బాగుంది, అది మా నాన్నది.

ఇక అసలు సంగతి. నీ లెటర్లో 78 ఏళ్ల ముసలావిడ తుంటి ఆపరేషన్ అయి ఇంటికి వెళ్తోంది. ఈ పరిస్థితిలో ఇంట్లో ఒక్కర్తే ఉండాలంటే ఆవిడకి భయమని ప్రశ్నలో ఇచ్చిన కేస్ నోట్స్‌లో ఉంది. నువ్వేమో "షి ఈజ్ యాంక్షస్ టు గో హోమ్" అని రాశావు. అలా రాస్తే ఆవిడ ఎప్పుడెప్పుడు ఇంటికి పోదామా అని ఉబలాటపడుతోందని అర్థం. భయపడుతోందని చెప్పాలంటే "యాంక్షస్ ఎబౌట్ గోయింగ్ హోమ్" అనాలి. నీ ఉత్తరం అందుకుని ఆవిడ ఇంటికి వెళ్లాల్సిన నర్సు, హుషారుగానే ఉందిలే అనుకుని రెండు రోజులు ఆలస్యంగా వెళ్తుంది. ఆ రెండు రోజులూ ఈవిడ బాత్రూమ్‌కి లేవాలంటే భయపడి మంచినీళ్లు తాగడం మానేస్తుంది. అలాంటి వాళ్లని నేను చూశానమ్మా.

కింది లైన్లో ఇంకోటి. భర్త పోయి పదేళ్లయింది, ఒంటరిగా ఉండటం ఆవిడకి అలవాటే. అది "షి ఈజ్ యూస్డ్ టు లివింగ్ ఎలోన్". నువ్వు మధ్యలో ఈజ్ ఎగరగొట్టి, "షి యూస్డ్ టు లివ్ ఎలోన్" అన్నావు. అంటే ఒకప్పుడు ఒంటరిగా ఉండేది, ఇప్పుడు తోడెవరో ఉన్నారని. లేని మనిషిని ఆ ఇంట్లో కూర్చోబెట్టావు!

కోచింగ్‌లో ఎడ్జెక్టివ్‌లకి ప్రిపోజిషన్లు జతచేసి పెద్ద లిస్టు ఇచ్చారని, రోజూ పడుకునే ముందు వల్లె వేస్తున్నానని రాశావు. నా భయమంతా అక్కడే ఉంది. మేమూ అలాగే చదివాం. తెలుగు మేష్టారు డు ము వు లు ప్రథమా అని చెప్పించినట్టే, ఇంగ్లీషు మేష్టారు బెత్తం ఊపుతూ అఫ్రైడ్ ఆఫ్, ఫాండ్ ఆఫ్, ప్రౌడ్ ఆఫ్, టైర్డ్ ఆఫ్ అని చెప్పించేవారు. ఇప్పుడు లేపి అడిగినా తడుముకోకుండా చెబుతాను. ఆ టైర్డ్ ఆఫ్ నన్నేం చేసిందో విను.

1994లో రియాద్‌లో ఒక పెద్దాసుపత్రిలో, ఐసీయూలో ఉన్నాను. వెళ్లి ఏడాది కూడా కాలేదు. ఇద్దరు సిస్టర్లు ఊరెళ్లడంతో వరసగా తొమ్మిది నైట్లు చేశాను, సాయంత్రం ఏడింటి నుంచి పొద్దున ఏడింటి దాకా. చివరి రోజు తర్వాతి షిఫ్టు వాళ్లకి పేషెంట్ల సంగతి అప్పజెబుతూ హ్యాండోవర్ ఇస్తుంటే కళ్లు తిరిగాయి. ఒక్క రోజు సెలవు అడుగుదామని నర్సులందరికీ పెద్ద అయిన మేట్రన్‌కి చీటీ రాశాను. "ఐ యామ్ టైర్డ్ ఆఫ్ నైట్ డ్యూటీ. కైండ్లీ గ్రాంట్ మీ వన్ డే లీవ్." రాసి మళ్లీ ఒకసారి చూసుకున్నాను కూడా. టైర్డ్ పక్కన ఆఫ్. మా మేష్టారు చూస్తే వీపు తట్టేవారు.

సెలవిచ్చారు. తిరిగి వెళ్లేసరికి డ్యూటీ చార్టులో ఐసీయూ వరసలో నా పేరు లేదు. వెతగ్గా వెతగ్గా ఓపీలో ఉంది, పగటి డ్యూటీ. నైట్ అలవెన్సు పోయింది, ఐసీయూకి విడిగా ఇచ్చేదీ పోయింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఏ పేషెంటుకి ఏం తప్పు చేశానో అని ఆ తొమ్మిది రాత్రులూ ఒక్కో బెడ్డూ గుర్తు చేసుకున్నాను. ఆరో బెడ్డు ఆయనకి మందు ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంపు మోగితే రెండు నిమిషాలు ఆలస్యంగా వెళ్లాను, అదేనేమో అని ఏడ్చాను. అడగొచ్చు కదా అంటావు. అడగడానికి వెళ్లి మళ్లీ ఇంగ్లీషులో ఏం వాగుతానో అని టెన్షన్.

నాలుగు నెలల తర్వాత ఏడాది రిపోర్టు మీద సంతకానికి పిలిచారు. అందులో "అన్‌విల్లింగ్ టు డు నైట్స్" అని ఉంది. వెనకాల నా చీటీ పిన్ను కొట్టి ఉంది, టైర్డ్ ఆఫ్ కింద ఎర్రగీత. సంతకం పెట్టి రూముకొచ్చి కేరళ సిస్టర్‌కి చెబితే తల పట్టుకుంది. టైర్డ్ ఆఫ్ అంటే విసుగెత్తిందని, ఇక నా వల్ల కాదని అట. ఒళ్లు అలిసిందని చెప్పాలంటే టైర్డ్ ఫ్రమ్ అనాలట, లేకపోతే టైర్డ్ ఆఫ్టర్ నైన్ నైట్స్.

గ్రామర్ తప్పు ఒక్కటి లేదు చూడు ఆ చీటీలో! తప్పుంటే, పాపం దీనికి భాష రాదులే అని మేట్రన్ పిలిచి అడిగేది. తప్పు లేదు కాబట్టే నమ్మింది.

మర్నాడు మేట్రన్ గదికి వెళ్లి, కేరళ సిస్టర్ చెప్పించిన నాలుగు వాక్యాలూ అప్పజెప్పాను. ఆవిడ నవ్వలేదు, తిట్టలేదు. అప్పుడే వచ్చి అడగాల్సింది కదా సిస్టర్ అంది. పై నెల నుంచి మళ్లీ ఐసీయూలో వేసింది. వెళ్లిన చోట అలాంటి కేరళ పిల్ల ఒకతి నీకూ దొరకాలని వెంకన్నకి మొక్కుకున్నాను.

కాబట్టి ఆ లిస్టు పక్కన పడెయ్. జతలు కాదు, నీ వార్డులో వాడే వాక్యం మొత్తం నోట్‌బుక్‌లో రాసుకో. లెర్నర్స్ డిక్షనరీ ఏది చూసినా ఎడ్జెక్టివ్ పక్కనే దాని ప్రిపోజిషన్, ఒక వాక్యం ఇస్తారు. అది ఎత్తి రాసుకో.

మన తెలుగు కూడా ఊరికే ఉండదు, లోపల్నుంచి లాగుతూ ఉంటుంది. మనం ఆయనకి పెన్సిలిన్ పడదు అంటాం, ‘కి’ మనిషికి తగిలిస్తాం. వాళ్లు "హి ఈజ్ అలర్జిక్ టు పెన్సిలిన్" అని ఆ ‘టు’ మందుకి తగిలిస్తారు. మనకి ఫలానా అమ్మాయితో పెళ్లి, వాళ్లకి మ్యారీడ్ టు. అయితే కేస్ నోట్స్‌లో "మ్యారీడ్ విత్ టూ చిల్డ్రన్" కనిపిస్తే పిల్లలతో పెళ్లేమిటని దిద్దబోకు, అది సరైనదే. పెళ్లయింది, ఇద్దరు పిల్లలున్నారని. నా మీద కోపం అనుకుని యాంగ్రీ ఆన్ మీ అని రాసేవు, యాంగ్రీ విత్ మీ. సీనియర్, జూనియర్ లాటిన్ వాళ్ల మాటలు, ఆ ‘కంటే’ పుట్టుకతోనే వాటి కడుపులో ఉంది, అందుకే ‘దాన్’ పెట్టరు, ‘టు’ పెడతారు. డిఫరెంట్ దగ్గర బ్రిటన్ వాళ్లు ఫ్రమ్ అంటారు, టు కూడా అంటారు. నువ్వు ఫ్రమ్ రాసెయ్.

ఏదీ తోచలేదనుకో, ఆ ఎడ్జెక్టివ్‌నే వదిలెయ్. "ఐ వర్క్‌డ్ నైన్ నైట్స్, ఐ నీడ్ రెస్ట్" అని చిన్నపిల్లలా రాసి ఉంటే నాకు నాలుగు నెలల డబ్బు మిగిలేది.

మీ నాన్న అప్పుడు పాలిటెక్నిక్ రెండో ఏడు. నేను తక్కువ పంపడంతో బస్సు పాసు మానేసి సైకిల్ మీద వెళ్లాడు. అక్క ఆ ఏడాది గాజులు చేయించుకుంది, అందుకే డబ్బు తగ్గించిందని సంక్రాంతికి వచ్చినప్పుడల్లా ఆటపట్టిస్తాడు. నేనూ సరేలే అని ఊరుకుంటాను. నువ్వు చెప్పకు.

ముసలావిడ లెటర్ తిరగరాసి సాయంత్రంలోగా పంపు. ఫోటో కిటికీ దగ్గర తియ్యి, ఈసారి వేలు అడ్డం రాకుండా.

మీ అత్త