స్టీలు బీరువాకి అంటిస్తే అమ్మోనియా ట్యాగ్ స్కాన్ కావడం లేదా?

అమ్మోనియా తగిలితే స్కాన్ కావడం ఆగిపోయి లీకుని పట్టిచ్చే ఎన్‌ఎఫ్‌సీ ట్యాగ్ (ఫోన్ దగ్గర పెడితే చదివే స్టిక్కర్) ఇది. బల్ల మీద బాగానే స్కాన్ అయిన ట్యాగ్ కెమికల్స్ పెట్టే స్టీలు బీరువాకి అంటించగానే ఆగిపోయిందని, లీకేమోనని కొందరు టెన్షన్ పడుతున్నారు. ముందు బీరువానే అనుమానించండి. ట్యాగ్‌లో బ్యాటరీ ఉండదు. ఫోన్ పుట్టించే 13.56 మెగాహెర్ట్జ్ అయస్కాంత క్షేత్రమే దానికి కరెంటు. వెనక లోహం ఉంటే ఆ క్షేత్రం బలహీనపడి, ట్యాగ్ ట్యూనింగ్ (ఫోన్ ఫ్రీక్వెన్సీకి సరిపోవడం) తప్పుతుంది. 2014లో అమెరికాలోని ఎంఐటీలో రసాయన శాస్త్రవేత్త టిమోతీ స్వాగర్ బృందం చూపిన ఇలాంటి ట్యాగుల్లో అమ్మోనియా ఆవిరి తగిలితే కార్బన్ నానోట్యూబుల (కరెంటు పారే అతి సన్నని కార్బన్ గొట్టాల) నిరోధం మారి, దాంతో కూడా ట్యూనింగే తప్పుతుంది. అందుకే ఫోన్‌లో రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ట్యాగ్‌కీ బీరువాకీ మధ్యలో ఫెర్రైట్ షీట్ (అయస్కాంత క్షేత్రం లోహం దాకా పోకుండా ఆపే పలుచని షీట్) పెట్టండి. పక్కనే నానోట్యూబులు లేని మామూలు ట్యాగ్ ఒకటి అలాగే షీట్ మీద అంటించండి. అది స్కాన్ అయి, మీ ట్యాగ్ మాత్రమే కాకపోతే లీకుని సీరియస్‌గా తీసుకోండి. ఘాటు వాసన వస్తే మాత్రం స్కానింగ్ వదిలేసి వెంటనే బయటికి వచ్చేయండి.